ఇరవై ఆరు పాయింటు నాలుగు

తొంభైతొమ్మిది అక్టోబరు తుపాను వెళ్లిపోయిన ఆరో రోజు అది. పలాసకీ నందిగాంకీ మధ్య, హైవే పక్కనున్న ఒక చిన్న మందుల కంపెనీలో నేను కెమిస్టుని. కెమిస్టు అనగానే మందుల షాపు అనుకుంటారు చాలామంది. అది కాదు. తయారైన మందులో ఉండాల్సినవి ఉండాల్సినంత ఉన్నాయో లేదో పరీక్షించి, ఉంటేనే సంతకం పెట్టే పని నాది. నా సంతకం లేకుండా ఒక్క పొట్లం గేటు దాటకూడదు.

ఆ రోజు పరీక్షించాల్సింది ఓఆర్ఎస్ పొడి. విరేచనాలైన పిల్లలకు నీళ్లలో కలిపి పడతారే, అదే. ఉప్పు పాళ్లు కుదిరితే ప్రాణం నిలబెడుతుంది. ఎక్కువైతే పసివాళ్లకి అదే విషం. జలంత్రకోట వైపు ఊళ్లలో నూతులన్నీ బురదనీళ్లయి పిల్లలు మంచాలు పట్టారని కబురు వచ్చింది. లారీ గేటు దగ్గర ఆగి ఉంది.

"మేడమ్, అయిదింటికల్లా సంతకం పడిపోవాల. అవతల పిల్లలు అల్లాడిపోతన్నారు" అని మేనేజరు ఈశ్వరరావు అప్పటికి మూడుసార్లు వచ్చి చెప్పాడు.

నాలుగింటికే చీకటి కమ్మేసింది. మళ్లీ వాన. కరెంటు లేదు. రోజూ ఊరంతా కమ్ముకునే జీడిపిక్కలు కాల్చిన పొగ వాసన కూడా లేదు. తడిసిన గోడల వాసన ఒక్కటే. బల్లమీద ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని పని మొదలుపెట్టాను.

ఆ పని ఎలా చేస్తామో కొంచెం చెప్పాలి. బ్యూరెట్ అంటే అంకెల గీతలున్న సన్నటి గాజు గొట్టం. అందులోని సిల్వర్ నైట్రేటుని, పొడి కలిపి, రంగు తిరగడం తెలిసేందుకు ఇంకో మందు వేసిన పసుపుపచ్చ నీళ్లలోకి చుక్కచుక్కగా వదులుతాం. నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఉప్పంతా అయిపోయిన క్షణాన, ఒకే ఒక్క చుక్కకి ఇటుక రంగు తిరుగుతుంది. అప్పటికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూస్తే ఎంత ఉప్పుందో తెలుస్తుంది. మా పొడికి పంతొమ్మిదికీ ఇరవై ఒకటికీ మధ్య పట్టాలి.

ఆ అంకె ఒకరు పైకి చదవాలి. రెండోవాళ్లు దాన్ని తిరిగి పలికి రాయాలి. పొరపాటు దొర్లకుండా అదీ మా పద్ధతి. నాకు తిరిగి పలికేవాడు నీలకంఠం. భావనపాడు జాలరుల బిడ్డ, నా వెనక బల్ల దగ్గర కూర్చునేవాడు. "నీ క్యారేజీ తెరిస్తే బ్యూరెట్‌కి కూడా ఎండుచేపల వాసనేనయ్యా" అని ఏడిపిస్తే, "మీ పప్పుకి వాసనే ఉండదు గదా మేడమ్, ఏటి తింతన్నారో మీకైనా తెలుస్తాదా?" అనేవాడు. కిడ్నీలు పాడై జులైలో పోయాడు. ముప్పై రెండేళ్లు. ఆ తర్వాత నేనే చదివి నేనే రాసుకుంటున్నాను. పైకి చదవడం మాత్రం మానలేకపోయాను.

ఇటుక రంగు తిరిగింది. గీతకి కన్ను ఆనించి చూశాను.

"పంతొమ్మిది పాయింటు రెండు."

వెనక నుంచి, గుసగుసగా...

"ఇరవై ఆరు పాయింటు నాలుగు. రాత్తన్నాను మేడమ్."

చేతిలో పెన్ను ఆగిపోయింది. వాన చప్పుడు... రేకుల మీద నీళ్లు... ఇంకేం లేదు. అప్పుడు సన్నగా వాసన తగిలింది. ఎండుచేపలు.

వెనక్కి తిరిగాను. బల్ల ఖాళీ. స్టూలు ఖాళీ.

భయం వేసింది. అంతకన్నా ముందు కోపం వచ్చింది. అంకె తప్పు పలికితే నాకు కోపం వస్తుంది, ఎవరు పలికినా.

"తప్పు విన్నావు నీలకంఠం. పంతొమ్మిది పాయింటు రెండు."

"ఇరవై ఆరు పాయింటు నాలుగు."

"ఎక్కడ?"

చెవి పక్కనే చల్లగా ఊపిరి.

"ఎనక..."

మళ్లీ తిరిగాను. ఎవరూ లేరు. ఎనక... వెనక ఏముంది? నా వెనక కాదేమో. అప్పుడు తట్టింది.

ఆ పొడి స్టోరులో పన్నెండు డ్రమ్ముల్లో ఉంది. ప్రతి దాంట్లోంచీ చెంచాడు తీయాలి. స్టోరులో చీలమండల లోతు నీళ్లు నిలిచాయని, గుమ్మం దగ్గరి మూడింట్లోంచే తీశాను. వెనక డ్రమ్ములు తెరవలేదు. ఆ పొడి కలుపుతుండగా మధ్యలో కరెంటు పోయిన సంగతి నాకు తెలుసు. మిక్సరు అడుగున ఉప్పు పేరుకుపోతే, అది చేరేది చివరి డ్రమ్ముల్లోకే. అదీ తెలుసు. తెలిసీ బద్ధకించాను.

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలో నడిచాను. ఒక్కో అడుగుకీ నా వెనక ఇంకో అడుగు చప్పుడు. ఆగితే అదీ ఆగింది. "రా, నువ్వూ చూద్దువుగాని" అన్నాను పైకే. కాళ్లు ఆగలేదు.

పన్నెండో డ్రమ్ములోంచి పొడి తెచ్చి మళ్లీ చేశాను. పంతొమ్మిది దాటింది. ఇరవై ఒకటి దాటింది. పాలలా ఉందే గాని రంగు తిరగదు. ఇరవై ఆరు... చుక్క... చుక్క... ఇటుక రంగు.

ఇరవై ఆరు పాయింటు నాలుగు.

నేను పైకి చదవలేదు. ఈసారి తిరిగి పలికినవాళ్లూ లేరు.

ఈశ్వరరావు తలుపు తోసుకుని వచ్చాడు. రెండు అంకెలూ చూపించాను. మొహం మాడ్చుకున్నాడు.

"మొదటిదే రాసీండి మేడమ్. రెండోది మీరూ నేనూ తప్ప ఎవులు సూసినారు?"

"చూశారు."

"సంతకం పెట్టకపోతే రేపు మీ ఉద్యోగం ఉండదు. భయం లేదా మీకు?"

"పడాల్సిన భయమంతా ఇప్పుడే పడి వచ్చాను ఈశ్వరరావుగారూ. మీకివ్వడానికి మిగల్లేదు. ఇందులో ఒక్క చెంచాడు పొడి గేటు దాటినా రేపు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాను. లారీని పొమ్మనండి."

లారీ ఖాళీగా వెళ్లింది. నిరాకరించిన సరుకుకి ఎర్ర లేబుల్ అంటించాలి, దానిమీద బ్యాచి నంబరు, తేదీ, కారణం, పరీక్షించినవారి సంతకం ఉండాలి. పన్నెండు లేబుళ్లు రాసి, లెక్కపెట్టుకుని, టార్చితో స్టోరులోకి వెళ్లాను. పన్నెండూ అంటించాను.

మూలన ఇంకొక డ్రమ్ము ఉంది.

దాని చుట్టూ నీళ్లు లేవు. నేల పొడిగా ఉంది. ఎర్ర లేబుల్ అప్పటికే అంటించి ఉంది. రాత నాది. మేమింకా తయారుచేయని బ్యాచి నంబరు. తేదీ ఫిబ్రవరి తొమ్మిది, రెండు వేలు. కారణం: పరీక్షించినవారు లేరు. సంతకం చోటు ఖాళీ.

తలుపు దాకా వెనక్కి నడిచి, మళ్లీ టార్చి వేశాను. పన్నెండే ఉన్నాయి.

పొడి మళ్లీ కలిపారు. పన్నెండు డ్రమ్ములూ తెరిచి పరీక్షించాకే మూడో రోజున లారీ కదిలింది. నా ఉద్యోగం పోలేదు. ఫిబ్రవరి తొమ్మిదిన సెలవు పెడదామా అని ఒక్క నిమిషం అనుకున్నాను. పెట్టలేదు. గంట ముందే వెళ్లాను. ఆ నంబరు బ్యాచే బల్లమీద ఉంది. ప్రతి డ్రమ్మూ తెరిచాను, ప్రతి అంకెనూ పైకి చదివాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టి ఇంటికొచ్చాను.

మర్నాడు రిజిస్టరు తీస్తే అంకెలన్నీ ఉన్నాయి. సంతకం గడి మాత్రం ఖాళీ. పరీక్షించినవారు లేరు. పెన్ను తీసి, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి మళ్లీ పెట్టాను. పేజీ తిప్పాను. కింది పేజీలో నా పేరు అచ్చు పడి ఉంది. పై పేజీలో లేదు.