మధ్యాహ్నం రెండింటికి దిగే విమానం

మట్టెవాడలోని ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మనిషి దూరం పోతే, చేరేదాకా ఇంట్లో ఒకరు ఉపవాసంతో మోకరించి ప్రార్థన చెయ్యాలి. డోర్నకల్ దాకా రైల్లో పోయినా అంతే. అరవై రెండు మే నెలలో లిదియా భర్త కృపానందం మాస్టరు, ట్రైనింగుకని బొంబాయి నుంచి లండన్‌కు విమానమెక్కాడు. నాలుగున్నర వేల మైళ్లు! అటక మీది బిందె దింపమంటేనే చెమటలు పట్టే మనిషి.

“నేను దిగేదాకా లేవనని మాటియ్యి,” అని బొంబాయి రైలెక్కేముందు స్టేషన్లో ఆమె చెయ్యి వదల్లేదు. ఇచ్చింది.

పొద్దున ఆరింటికి లేచే విమానం మధ్యాహ్నం రెండింటికి దిగుతుందని టికెట్ చూసి చెప్పింది ఆమె అన్న దేవదానం. రెండు కొట్టగానే, “దిగిండు. లే చెల్లె, ఇంత తిను,” అన్నాడు. లిదియా మనసు ఒప్పలేదు గానీ మోకాళ్లు ఒప్పుకున్నాయి.

పొద్దు వాలింది. అన్న పాలకని బయటికి పోయాడు. లిదియా పొయ్యి రాజేస్తుంటే ముందుగదిలోంచి కిరోసిన్ వాసన వచ్చింది. దీపం ఇంకా ముట్టించనే లేదు. గోడలు సెగలు కక్కుతున్నాయి... గుమ్మంలోంచి మాత్రం చలి. ఎవరివో పళ్లు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు.

తొంగి చూసింది.

చాప మీద, ఆమె లేచిన చోటే, కృపానందం మోకరించి ఉన్నాడు. కోటు వేసుకున్న వీపు... వణుకుతోంది.

“ఎప్పుడొచ్చిన్రు?” గుమ్మంలోంచే అడిగింది.

“ఎందుకు లేచినవ్?” ఇటు తిరగలేదు.

“రెండయ్యింది... దిగిన్రనుకున్న...”

“నువ్వు లేవంగనే నా సీట్ల ఎవరో కూసున్నరు, లిదియా.”

వీధిలోకి ఉరికింది. పాలచెంబుతో వస్తున్న అన్న చెయ్యి పట్టుకుంది. “అన్నా, నిజం చెప్పు. దిగిండా?”

దేవదానం చూపు తిప్పుకున్నాడు. “ఆ రెండు గంటలు లండన్ టైమే. మనకు ఆరున్నరయితది.”

“నీకు ముందే ఎరుకనా?”

“ఎరుకే. పొద్దటిసంది ఏం తినక ఎండుతున్నవని చెప్పలే. జర తింటవనుకున్న.”

తోడబుట్టినవాడు! భయం కంటే ముందు కోపమొచ్చి, అన్న చెయ్యి విదిలించింది. నమ్మినవాడు తనను మోసం చేశాడు. తనను నమ్మినవాణ్ణి తాను మోసం చేసింది. లోపలికి పరుగెత్తింది. చాప మీద ఎవరూ లేరు. తెల్లారేదాకా అక్కడే మోకరించి, క్షమించమని ఏడ్చింది. భర్తకు వినిపించిందో లేదో తెలియదు.

మర్నాడు టెలిగ్రాం వచ్చింది. క్షేమంగా దిగాడట. ట్రైనింగు కాగానే ఇంటికి వస్తాడట.

“చూసినవా? ఉత్తగనే ఫికర్ చేస్తివి,” అని దేవదానం నవ్వాడు.

“ఆ టెలిగ్రాం ఇచ్చింది నేను కాదు,” అంది ఖాళీ చాప మీదినుంచి కృపానందం గొంతు. “వాడు వస్తే తలుపు తియ్యకు.”

దేవదానం నవ్వు ఆగిపోయింది.