నిలబడి వంట

ఆ రోజు పొద్దున్నే సుల్తానా గ్యాసు పొయ్యిని నేల మీది నుంచి ఎత్తి ఇనుప పెట్టె మీద పెట్టింది. కొంగు బిగించి, దాని ముందు నిటారుగా నిలబడి బొరుగుల ఉగ్గానికి తిరగమాత వేసింది.

తాడిపత్రిలో బండలకు కరువా? ఆమె మొగుడు అతావుల్లా బండల పాలిష్ ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు. ఎవరెవరి వంటిళ్లలోనో నిగనిగలాడే గట్లు అమర్చి వస్తాడు. సొంతింట్లో మాత్రం పొయ్యి నేల మీదే, ఎందుకంటే అది అత్త దాదాబీ మాట. ఆడది పొయ్యి ముందు వంగాలట, నిలబడి వండితే ఇంట్లో బరకత్ ఉండదట, సిరి నిలవదట.

కాఫీ కోసం వచ్చిన దాదాబీ గడపలోనే ఆగిపోయింది. "ఏందే ఇది? పొయ్యి పైకెక్కిందా, నువ్వెక్కినావా?"

"రెండూ ఎక్కినాం అత్తా."

"దించు."

"దించను."

ఆ ఇంట్లో దాదాబీకి అంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు. స్నానం చేసి వచ్చిన అతావుల్లా తువ్వాలు భుజాన వేసుకుని బిత్తరపోయి చూశాడు.

"నడుము నొప్పి వచ్చిందా ఏమి నీకు?"

"రాలేదు."

"రాకముందే ఎందుకు ఈ రచ్చ?"

"రాకముందే గదా చేయాల్సింది! వచ్చినాక నూనె రాసుకుంటా కూచోవాల్నా? ఊడ్చాలంటే వంగాల, కడగాలంటే వంగాల. వండేటప్పుడన్నా నిలబడతా. బిందె కూడా మోకాళ్లు మడిచి ఎత్తమని ఆస్పత్రిలో నర్సమ్మ చూపిచ్చింది. ఇంగ నిండు బిందె ఎత్తేది లేదు, సగం సగమే తెస్తా."

"మేమంతా వంగలేదా?" దాదాబీ అరిచింది. "నిండు గర్భంతో కూడా ఈ నేల మీదే వండినా. నాకేమైంది?"

"ఏమైందో అద్దంలో చూసుకో అత్తా!"

అనేశాక సుల్తానా నాలుక కరుచుకుంది. దాదాబీ నడుము ఎప్పుడో వంగిపోయింది. నేలను చూస్తూనే నడుస్తుంది. ఇంట్లో అందరికీ తెలుసు, నోటితో మాత్రం ఎవరూ అనరు.

"నోరు మూయ్!" అని అతావుల్లా కసిరాడు.

దాదాబీ మాత్రం తిట్టలేదు. గబగబా వచ్చి కోడలి చేతిలో గరిటె లాక్కుని బాణలిలో తిప్పబోయింది. అందులో ఏముందో ఆమెకు కనబడలేదు. మొహం సరిగ్గా మంట ఎత్తున ఉంది. సుల్తానా భయపడి ఆమెను వెనక్కి లాగింది.

"చూసినావా?" అంది దాదాబీ. "బరకత్తూ లేదు, ఏమీ లేదు. పొయ్యి పైకి పోతే నాకు అందదే. ఈ ఇంట్లో నాదని ఉండేది అదొక్కటే. అదీ పోతే మూలన కూచోబెట్టి ఇంత ముద్ద పెడతారు."

సుల్తానా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పొయ్యి దించలేదు.

"నిన్ను మూలన కూచోబెట్టేదానికి కాదత్తా. నువ్వు వంగిపోతాంటే ఒక్కరూ అడ్డం పడలేదు. నాకు నేనే అడ్డం పడతాండా. నువ్వు పక్కన కుర్చీలో కూచో. ఉప్పూ కారం నీ చేత్తోనే. నువ్వు రుచి చూడంది కూర దిగదు."

దాదాబీ చాలాసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత కొడుకు మీద విరుచుకుపడింది. "ఊరందరికీ గట్లు పెట్టొస్తావు. మీ అమ్మకు ఒకటి పెడదామని ఎన్నడన్నా తోచిందా?"

"నువ్వే గదమ్మా వద్దంటివి..."

"నేను వద్దంటే ఊరుకుంటావా? నా నడుము కనబడలేదా నీకు?"

అతావుల్లా తువ్వాలు పక్కన పడేసి, చొక్కా తొడుక్కుని బయటికి నడిచాడు.

సాయంత్రం బండ తెచ్చాడు. తల్లికి అందాలని ఆమె పక్కనే గోడకు టేపు పట్టాడు. దాదాబీ ఆ చేతిని పక్కకు తోసేసి, కోడలిని లాక్కొచ్చి గోడ దగ్గర నిలబెట్టింది. ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించింది.

"నిటారుగా నిలబడు. ఇంకా నిటారుగా." కొడుకు వైపు తిరిగింది. "దీని ఎత్తుకు తగ్గట్టే గియ్యరా గీత. ఒక్క వేలు కిందికి దిగినా ఊరుకోను."