చివరి బండి చమురు

పోటుబండి ముందరి ఇనుపకొమ్ములకు నిన్నటి నెత్తురు ఎండి అట్టకట్టింది. సుంకులమ్మ గోనెపట్టాతో దాన్ని రుద్దుతుంటే చమురుగొట్టం తనంతట తానే పాకుతూ వచ్చి ట్యాంకు మూతి వెతుక్కుంది. తేనెరంగు మేలిచమురు. అది తాగిన పోటుబండి ఒక్క రంకె వేస్తే నల్లమల ఎలుగుబంట్లు తమ గుహ ఏదో మరిచి పక్కగుహలో కాపురానికి దిగుతాయని డ్రైవర్లు చెప్పుకుంటారు. ఎలుగుబంట్లను అడిగినవాళ్లు మాత్రం లేరు.

ఆమె పోటుబండి కాపు కాసే నీళ్ల బిడారులో చివరన ఉన్న మద్దిలేటి బండికి సాదాచమురే వచ్చింది. ఎవరికి ఏది పోయాలో పంపకం నిర్ణయిస్తుంది. అది మనిషి కాదు, ఘాటురోడ్డు పొడవునా పరుచుకున్న, రేడియోలో మాట్లాడే లెక్క. గాలాలు విసిరి బండ్లు దోచే గాలపోళ్లు మీద పడితే ఒక బండి వెనకబడాలి. వాళ్లు దాన్ని చీల్చుకునేలోగా మిగతావి కొండ దాటాలి. ఈరోజు వంతు మద్దిలేటిది.

“మామా, నా దాంట్లో సగం తోడుకో,” అంది సుంకులమ్మ.

“యాల పాపా? రెండూ ఒకటే. మీ దాంట్లో రంగేస్తారు, అంతే. మీ అత్త గూడా నిన్నటి పులుసులో ఇంత కారం కలిపి కొత్త కూర అంటాది.”

“చదునులో ఒకటే. ఎక్కుడులో ఇంజను కొట్టుకుంటాది.”

“కొట్టుకోనీలే. మీ అత్తతో నేను కొట్టుకోల్యా, బతకల్యా?”

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బిడారు ఘాటెక్కుతోంది. మలుపు దగ్గర బండల మీంచి గాలపోళ్లు దూకారు. ఇనుపగాలం ఒకటి అద్దం పగలగొట్టుకొని మద్దిలేటి భుజంలో దిగింది. అతను యాక్సిలరేటర్ అదిమి తొక్కాడు. వేడెక్కిన ఇంజను, ముంతలో గులకరాళ్లు ఆడించినట్టు టకటకలాడి, ఊపు చచ్చి, చీమనడకకు దిగింది.

రేడియోలో అతని గొంతు వినిపించింది. “పాపా... రెండూ ఒకటి కాదులే.”

“చివరి బండిని వదలండి. వేగం పెంచండి,” అంది పంపకం.

సుంకులమ్మ రివర్సు గేరు వేసింది.

పోటుబండి వెనక దూలం ఒకడిని కొండకేసి నొక్కింది. వాడి పక్కటెముకలు ఎండుపుల్లల్లా విరిగిన చప్పుడు ఆమె సీటు దాకా వచ్చింది. కిటికీలో కత్తి దూర్చినవాడి మూతి మీద స్పానరు దించింది. పళ్లు ఆమె ఒళ్లో రాలాయి. కిందికి దూకి, గొలుసు మద్దిలేటి బండికి తగిలించి, మళ్లీ ఎక్కి తొక్కింది. మేలిచమురు రంకె వేసింది. రెండు బండ్లూ, తెగని గాలం పట్టుకొని వేలాడుతున్న ఒక మొండివాడూ కలిసి కొండెక్కారు. తర్వాతి మలుపు గోడ వాడిని గీకేసింది.

“రెండు బండ్లనూ వదలండి,” అంది పంపకం.

ముందున్న మస్తాను బండి బ్రేకు దీపాలు వెలిగాయి. “అక్కా, నా గొలుసు అందుకో,” అన్నాడతను. అతని ముందు బండీ ఆగింది. దాని ముందుదీ. ఆగిన బిడారును గాలపోళ్లు ఎన్నడూ చూడలేదు. గాలాలు పట్టుకొని బండల మీదే నిలబడిపోయారు.

సుంకులమ్మ పరుగున మద్దిలేటి దగ్గరికి వెళ్లింది. సీటంతా నెత్తుటి మడుగు.

“రెండూ ఒకటి కాదని ఒప్పుకున్నానని మీ అత్తకు చెప్పొద్దు పాపా.”

“చివరి బండి ఏది?” రేడియోలో పంపకం అడిగింది. మళ్లీ అడిగింది. “చివరి బండి ఏది?”

సుంకులమ్మ ఆ రేడియో తీగ పీకి, అతని భుజం చుట్టూ చుట్టి, పళ్లతో బిగించింది.