లైటు పడితే లేస్తది

ఊరి పేరు అడగొద్దు, చెప్ప. లక్సెట్టిపేట దిక్కు, గోదారికి జర ఇవతల అనుకోండ్రి, చాలు.

ఆ ఊరి చివర పాత జిన్నింగు మిల్లున్నది. పత్తిల గింజ తీసే మిల్లు. మూతబడి చాన ఏండ్లాయె. రేకులు ఎగిరిపోయినయ్, గోడ మిగిలింది, గోడ ఎనుక సర్కారు తుమ్మలు మొలిచినయ్. అండ్ల ఒక ఆడమనిషి ఉంటదంటరు... మిషన్ల జడ చిక్కి సచ్చిన మనిషి. ఊకెనే ఎవల జోలికి రాదు. కానీ దాని మీద లైటు పడొద్దు. పడితే — లేచి నిలవడ్తది. చూసిన మొగోనికి జెరం తప్పదు.

మొగోళ్ళకే జెరం ఎందుకని ఆ ఊర్ల ఒక్కడూ అడగలే. వాదం నేర్చినోళ్ళు మొదలు అడిగే ప్రశ్న అది. భయముంటే ప్రశ్నలుండయ్.

బుచ్చిరాములు గూడ అడగలే. పత్తి, మక్క వేసుకునే రైతు. భార్య పోయింది. ఒక్కతే బిడ్డ పద్మలత, ఏడో నెల కడుపుతోని ఇంటికొచ్చి ఉన్నది. అల్లుడు శ్రీహరిది నస్పూర్ల బొగ్గుబాయి పని. ఆ రోజు పొద్దుగూకంగ వచ్చి మామకు కొత్త బ్యాటరీ లైటు ఇచ్చిండు.

"నీ పాత డబ్బా పారెయ్యి మామా," అన్నడట.

పాతది స్టీలుది. పక్కనున్న బటన్ బొటనవేలితోని ముందుకు నూకితే వెలుగు, ఎనుకకు గుంజితే చీకటి. వేలికి 'టక్' అని తెలిసేది, కండ్లు మూసుకొని గూడ ఆర్పొచ్చు. కొత్తది పిడికిట్ల ఇమిడిపోతది. దానికి నున్నటి రబ్బరు బటన్, నొక్కినా నొక్కినట్టు తెల్వదు. ఎట్ల వెలిగించాల్నో అల్లుడు చూపిచ్చిండు. ఎట్ల ఆర్పాల్నో చూపియ్యకముందే బస్సొచ్చింది.

ఆ రాత్రి, ఇంకా కోడి కూయలే. మెలకువయి చూస్తే పద్మలత మంచం ఖాళీ.

"బిడ్డా..."

తలుపు గడియ తీసున్నది.

కొత్త లైటు చేతవట్టుకొని బయటపడ్డడు. గల్లీ చివర నిలవడి చెవి పెట్టిండు. మిల్లు దిక్కుకెల్లి... గాజుల చప్పుడు.

ఎనుకకు ఒక అడుగేసిండు. కానీ బిడ్డ — కడుపుతోనున్న బిడ్డ! జెరమొస్తే రానీ అనుకున్నడు. నడిచిండు.

గోడ మలుపు తిరిగి లైటేసిండు.

లేచింది.

ఒక్కటి గాదు. తుమ్మల నడుమ ఒకటి, దాని పక్కన ఇంకొకటి, అవతల ఇంకా... నెత్తి మీదికెల్లి కొంగు కప్పుకొని, మొఖాలు లేకుంట, ఒక్క మాట లేకుంట, నేలలకెల్లి మొలిచినట్టు నిలవడ్డయ్.

లైటు పడొద్దు! బొటనవేలు పాత అలవాటుకు ఎనుకకు గుంజింది — గుంజనీకె అక్కడేం లేదు. నున్నటి రబ్బరు. నొక్కిండు. వెలుగు సన్నగయింది గని ఆరలే. మల్ల నొక్కిండు. టపటపా కొట్టుకునుడు మొదలువెట్టింది — వెలుగు, చీకటి, వెలుగు, చీకటి...

వెలుగుల అవి ఉన్నయ్. చీకట్ల లేవు. మల్ల వెలుగుల — ఒకటి ముందటికొచ్చింది.

చీకటి.

ఇంకా దగ్గరికొచ్చింది. చేతిల ఏదో తళుక్కుమన్నది.

"పద్మా..." అన్నడు.

చల్లటి చెయ్యి, తడి చెయ్యి, ఆయన వేలి మీద పడ్డది. బటన్ మీద గట్టిగ ఒత్తి, అట్లనే పట్టుకున్నది.

లైటు ఆరిపోయింది.

"ఒత్తి పట్టుకోవాలె బాపూ," అన్నది చీకట్లకెల్లి గొంతు. "ఊకె నొక్కితే ఆరదు."

పద్మలత. చేతిల మెరిసింది చెంబు.

ఎనుకకెల్లి ఎవలో ముక్కుతోని నవ్విండ్రు. పక్కింటి శంకరవ్వ. "చూసినవా తమ్మీ దయ్యాన్ని? సరిపోయిందా, ఇంకోసారి లేవాల్నా?"

"అక్కా... నాకు తెల్వది..."

"ఏ మొగోనికి తెల్వొద్దనే గదనయ్యా, గీ దయ్యాన్ని మేం పుట్టిచ్చుకున్నది! రోడ్డు పక్కకు పోతే బండ్ల లైట్లు. వాగు దిక్కు పోతే ఫోన్ల లైట్లు. ఎన్నిసార్లు లేచి నిలవడాలె?"

"ఇంట్ల లెట్రిన్ ఉన్నది గద బిడ్డా..."

"అండ్ల నీ యూరియా బస్తాలున్నయ్ బాపూ."

ఆ ఊర్ల ఎవ్వలూ చెంబు వట్టుకొని బయటికి పోరని ఊరి మొదట్ల పెద్ద బోర్డున్నది. తెల్లారేదాక దాని మీద లైటు ఎలుగుతది. లైటు ఏడ వెయ్యాల్నో తెలిసిన ఊరు!

"బస్తాలు తీస్తవ్, నీ బిడ్డ బతుకుతది," అన్నది శంకరవ్వ. ఇప్పుడు నవ్వుతలేదు. "మరి మేము? పొద్దుగాల హోటల్ల గూసోని ఏం చెప్తవ్?"

బుచ్చిరాములు చీకట్లనే ఇంటికొచ్చి, లైటు వెయ్యకుంట, బస్తా మీద బస్తా అరుగు మీదికి గుంజిండు. బిడ్డ సాయం పట్టవోతే వద్దన్నడు. ఆమె మొఖం దిక్కు చూడలేకపోయిండు.

తెల్లారి హోటల్ల మనుషులు మూగిండ్రు. "ఏం మామా, రాత్రి మిల్లు కాడ లైటు కొట్టుకున్నదట. పోయినవా ఏంది?"

"పోయిన."

"ఉన్నదా?"

"ఉన్నది."

గ్లాసులన్నీ ఆగినయ్. "ఎట్లున్నది మామా?"

ఆయన నేల దిక్కే చూసుకుంట చెప్పిండు —

"నాకు నా బిడ్డ లెక్క కనవడ్డది. నువ్వు పోతే... మీ అవ్వ లెక్క కనవడ్తది కావచ్చు. పోకుండ్రి అటు."