గోపాలరావు నంబరు

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన జోగారావుగారి కోళ్ల దాణా ఆఫీసు. దాని వెనక ఓ పెంకుటిల్లు. మొదట్లో ఆఫీసు ఆ ఇంట్లోనే ఉండేది. గోపాలరావనే గుమాస్తా ఓ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. జోగారావు హడలిపోయి ముందువైపు కొత్త గది వేయించాడు. ఆ బల్లనీ, కంప్యూటర్నీ ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక అక్కడే వదిలేశారు. అప్పట్నించీ పొద్దుగూకితే చాలు, ఆ కిటికీలో నీలం వెలుగు కనిపిస్తుందని పేరు పడింది. వాచ్‌మన్ సిద్దయ్యయితే అటు తిరిగి ఉమ్మి కూడా వేయడు.

2002 చలికాలంలో మేడ్చల్ నించి గిడియోన్ అక్కడికి వచ్చాడు. కంప్యూటర్ షాపు పెట్టాక ఇదే మొదటి పెద్ద పని — కొత్త కంప్యూటర్లు ఐదింటినీ ఒకదానితో ఒకటి కలపాలి.

"రేపు పొద్దున లారీలొచ్చేసరికి బిల్లులు రావాలి. రాలేదా, ఇంకొకణ్ణి చూసుకుంటా," అని జోగారావు ఇంటికెళ్లిపోయాడు.

ఇళ్లకి డోర్ నంబర్లున్నట్టే ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో నంబరుండాలి. ఐపీ అడ్రసంటారు. ఒకటి నించి ఐదు దాకా ఇచ్చాడు గిడియోన్. మధ్యాహ్నమంతా అవి చక్కగా మాట్లాడుకున్నాయి.

దీపాలు పెట్టే వేళకి... ఐదోది మూగబోయింది. తెర మీది మాట గిడియోన్ పైకి చదివాడు — ఈ నంబరు ఇప్పటికే వేరొకరి దగ్గర ఉంది.

"ఎవలి దగ్గర?" అన్నాడు సిద్దయ్య గుమ్మంలోంచి.

గిడియోన్ ఐదోదాని వైరు పీకేశాడు. ఒకటోదాని ముందు కూర్చుని ఐదో నంబరుని పిలిచి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. జవాబు రాకూడదు.

వచ్చింది.

మళ్లీ పిలిచాడు. మళ్లీ పలికింది — ఠక్కున.

"పలికిందా?"

"పలికింది కాకా..."

"గోపాలరావు సారు గంతే," గొణిగాడు సిద్దయ్య. "పిలిస్తె ఎన్నడు లేట్ జేయలే."

వైర్లన్నీ చేరే డబ్బా వైపు చూశాడు గిడియోన్. పాతదేలే అని పొద్దున వదిలేసిన వైరొకటి ఉంది. దాని దీపం మిణుకుమిణుకుమంటోంది. ఆ వైరు గోడెక్కి, వెంటిలేటర్‌లోంచి బయటికి... పెంకుటింటి వైపు పోయింది.

"పీకేస్త కాకా."

"వద్దు సారు! గాయనకు కోపమొస్తది. నువ్వు పోతవు, నేను ఈడనే ఉండాలె."

పీకితే పని అయిపోయేదే. కానీ పలికిందెవరో తెలీకపోతే గిడియోన్‌కి అన్నం సయించదు. ప్రార్థన చేసుకుని, టార్చి పట్టుకుని బయల్దేరాడు.

కిటికీలో నీలం వెలుగు. తలుపు తోశాడు... కిర్రుమంది. గోపాలరావు కుర్చీలో — తెల్లటి ఆకారం. కదలని వీపు. ఒక్క చెయ్యి మాత్రం... టిక్... టిక్...

"ప్రభువా!" టార్చి జారిపోయింది.

ఆకారం మెల్లగా వెనక్కి తిరిగింది.

"అరవకు నాయనా! ఎర్ర రాజు మీదికి నల్ల రాణి ఎక్కుతోంది."

జోగారావు తల్లి పార్వతీదేవి! ఇంట్లో పేకముక్క కనిపిస్తే కొడుకు శివాలెత్తిపోతాడు. మనవడు ఆదిత్య సెలవుల్లో ఇంటర్నెట్ కోసం ఆఫీసు నించి ఆ వైరు లాగి, ఐదో నంబరిచ్చి, ఈ ఆట కూడా నేర్పించి పోయాడు. రోజూ దేవరయాంజాల్ గుడిలో భజనకని బయల్దేరి ఇక్కడ తేలుతోంది. స్నేహితురాలు కమలాబాయి ఒళ్లో భజన తాళాలు పెట్టుకుని, తన వంతు కోసం మూలన కునుకు తీస్తోంది.

"దెయ్యం పుణ్యమా అని ఇటెవరూ రారు. మావాడికి చెప్పకు బాబూ. నాకున్న సరదా ఇదొక్కటే."

గిడియోన్‌కి నవ్వూ, ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఆడుకోండమ్మా. ఐదు మీదే."

వెనక్కెళ్లి ఆఫీసు కంప్యూటర్‌కి ఆరు ఇచ్చాడు. పొద్దున బిల్లులు వరసగా వచ్చాయి.

"రాత్రి ఏంటయ్యా గోల?" అన్నాడు జోగారావు.

"వెనకింట్ల ఉన్నది నిజమే సార్. ఐదో నంబరు ఇడ్వనంటాంది. దానికే ఇడిచిపెట్టిన."

జోగారావు మొహం పాలిపోయింది. "ఒక్కటే ఇచ్చావా? ఇంకోటి కూడా ఇచ్చెయ్యవయ్యా! మనసులో పెట్టుకుంటే మన కొంప మునుగుతుంది."

గిడియోన్ షాపు నించి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, ఏడో నంబరిచ్చి, పెద్దావిడలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకే ఆట ఆడుకునేట్టు కలిపి పోయాడు.

ఆ సాయంత్రం నించీ పెంకుటింట్లోంచి రెండు ఆడగొంతులు... ఒకటి నవ్వుతూ, ఒకటి తిడుతూ.

సిద్దయ్య దారిన పోయేవాళ్లని ఆపి మరీ, గుసగుసగా చెబుతున్నాడట —

"గోపాలరావు సారు ఆడికి పోయినంక లగ్గం జేసుకుండు. ఒక్కామెను గాదు... ఇద్దర్ని!"