దూలం మీద రంపపు పొట్టు

ఉదయం ఎనిమిది నలభైకి ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ డైరెక్టర్ పట్టాభిరామయ్య ఆఫీసు వెనక సినిమా కోసం కట్టిన వంతెన కూలింది. దానితోపాటు ఆయన దగ్గర పనిచేసే చిన్మయి పన్నెండడుగుల ఎత్తు నుంచి పడింది. తుంటి ఎముక విరిగింది, చెయ్యి చీరుకుపోయి రక్తం కారింది.

తొమ్మిది నలభైకి ఎస్సై భువన చేరింది.

పరదేశంలో ఒక నది మీద నూట ముప్పై ఏళ్ల క్రితం బళ్ల కోసం కట్టిన త్రికోణాల చట్రాలున్న కర్ర ట్రస్ వంతెన. దానికి ఇది నమూనా. సినిమాలో దీని మీదుగా జీపు వెళ్లాలి. డిజైన్ చిన్మయిది. చేరి రెండేళ్లే. అయినా తెర మీద పేరు వేసే టైటిల్ కార్డు ఆమెకే ఇచ్చారు.

పన్నెండేళ్లుగా అసిస్టెంటుగానే ఉన్న వరప్రసాద్ విరిగిన దూలం చూపించాడు. సగం దాకా నున్నటి కోత. పక్కనే రంపం.

"రంపం వెంకటనర్సయ్యదండీ, మా కార్పెంటర్. నిన్న ఆ అమ్మాయి అతన్ని అందరి ముందూ తిట్టింది."

"మీకూ ఆమెకీ ఎలా ఉండేది?"

"నాకేముంటుందండీ? అదృష్టవంతురాలు."

నవ్వుతూ అన్నాడు. భువనకి ఆ నవ్వు తెలుసు. తనకంటే వెనక బ్యాచ్ హరిణికి మొన్న ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ వచ్చింది. స్వీటు తింటూ తనూ అలాగే నవ్వింది. 

ఆమె దూలం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు లేవలేదు. తర్వాత కానిస్టేబుల్‌ని పిలిచి బయటికి పంపింది.

పది పదిహేనుకి పట్టాభిరామయ్య, వెంకటనర్సయ్య ఆస్పత్రి నుంచి తిరిగొచ్చారు. కార్పెంటర్ చొక్కా నిండా రక్తం.

"ఎప్పుడు వెళ్లారు?"

"తొమ్మిదింటికి అంబులెన్స్ల ఎక్కినం మేడమ్. సారు, నేను. తిట్టిందని కోపమైతే ఒచ్చింది గని, గట్ల చేస్తనా?"

"ఇక్కడ ఎవరున్నారు?"

"ప్రసాద్ సారొక్కడే."

భువన ముగ్గుర్నీ దూలం దగ్గరికి పిలిచింది.

"ఇది చిన్మయి రక్తం. దాని మీద రంపపు పొట్టు. ముందే కోసి ఉంటే రక్తమే పొట్టు మీద పడేది. అంటే ఆమె పడ్డాక దూలాన్ని సగం కోసి, మిగతా సగం విరిచారు. అప్పటికి వెంకటనర్సయ్య ఇక్కడ లేడు."

"మరి వంతెన ఎందుకు కూలింది?" పట్టాభిరామయ్య అడిగాడు.

"ఈ అడ్డ దూలాలు ఇనుప కడ్డీలకి వేలాడతాయి. రెండు కడ్డీలకి కింద నట్లు లేవు. ఏ నట్టు తీస్తే ఏ దూలం జారుతుందో డ్రాయింగ్ తెలిసినవాళ్లకే తెలుసు. అనుమానం తమ మీదికి రాకుండా కార్పెంటర్ రంపం పట్టారు. నట్లు మా కానిస్టేబుల్‌కి మీ స్కూటర్ డిక్కీలో దొరికాయి, వరప్రసాద్ గారూ."

వరప్రసాద్ నేల వైపు చూశాడు.

"పదకొండింటికి ప్రొడ్యూసర్ ముందు బరువు ఆగుతుందో లేదో చూడ్డానికి ఇసుక బస్తాలు ఎక్కిస్తారు. అప్పుడు కూలాలనుకున్నాను, అంతే. కొలతల కోసం తను ముందే ఎక్కుతుందనుకోలేదు. పన్నెండేళ్లండీ. ఆ మంట మీకు తెలీదు."

"తెలుసు," అంది భువన. "అందుకే మొదట మీ మొహమే చూశాను."



"చిన్మయి మళ్లీ నడుస్తుందా?" వరప్రసాద్ అడిగాడు.

"రేపు ఆపరేషన్. తర్వాతే చెబుతారట," అన్నాడు పట్టాభిరామయ్య.

వరప్రసాద్ వెళ్లి పోలీసు జీపెక్కాడు.