పొడి బుట్టలో తడి

పొద్దున్నే పాల కోసం తలుపు తీసిన భర్తకి, పొడి చెత్త బుట్ట గేటు దగ్గర నిండుగానే కనిపించింది. మూత మీద ఎర్ర కాగితం అతికించి ఉంది.

"మన బుట్టకి మళ్ళీ బొట్టు పెట్టి పోయారు," అన్నాడు లోపలికి వస్తూ.

ఆమె నవ్వలేదు. తడి చెత్త కలిసిందని బండివాళ్ళు వదిలేసి పోవడం ఇది రెండోసారి. మూడోసారి కూడా ఇలాగే ఉంటే ఈ ఇంటి చెత్త తీసుకోవడమే మానేస్తామని మొదటిసారే చెప్పారు. వంటింట్లో మూడు బుట్టలు పెట్టింది ఆమె. తొక్కలూ మిగిలిన తిండీ ఎరువు డబ్బాలోకి, కాగితాలూ ప్లాస్టిక్కూ పొడి బుట్టలోకి, దేనికీ పనికిరానివి మూడోదానిలోకి. ఎరువు డబ్బాని రోజూ తనే కర్రతో కలియబెడుతుంది. ఇంత చేసినా ఎవరో తన మాట గాలికి వదిలేస్తున్నారు. భర్తే అయ్యుంటాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో కొంత సుఖం కూడా ఉంది, కోపానికి ఒక మనిషి దొరికాడని.

తను కాదన్నాడు అతను. టీ పొడి పారేయాలన్నా ఎందులో వెయ్యాలో అడిగే వేస్తున్నానని గొణిగాడు.

ఆమె వరండాలో పాత పేపర్లు పరిచి బుట్ట బోర్లించింది. గదిలోంచి తల్లి వచ్చి, ఆఫీసుకి ఆలస్యమవుతుందేమో, సాయంత్రం చూసుకోవచ్చుగా అంది. అల్లుడింటికి వచ్చినప్పటినుంచీ తల్లి గొంతు అంతే, అడిగీ అడగనట్టు ఉంటుంది. ఆమె వినిపించుకోలేదు. ఖాళీగా ఉండాల్సిన బిస్కెట్ పొట్లాలు చేతికి బరువుగా తగిలాయి. విప్పితే లోపల రొట్టెలు. మధ్యలో మెత్తటి భాగం తిని, చుట్టూ అంచులు వదిలేసినవి. ఒకదాంట్లో కూర ముక్కలు, నమిలి ఉమ్మినట్టున్నాయి.

ఇంట్లో బిస్కెట్లు తినేది తల్లి ఒక్కతే, టీలో నానబెట్టుకుని.

"నా వంట నచ్చకపోతే చెప్పొచ్చు కదమ్మా. పొట్లాలు కట్టి పారేస్తావా?"

"వంట బాగానే ఉందే."

"మరి?"

తల్లి అల్లుడి వైపు చూసి కళ్ళు దించుకుంది. "ఆ డబ్బాలో వేస్తే కలిపేటప్పుడు నీ కంట పడుతుందని. ఒకటే బుట్ట ఉన్నప్పుడు ఎవరేం పారేసిందీ తెలిసేది కాదు."

"ఎందుకు పారేస్తున్నావని అడుగుతున్నా."

"పళ్ళసెట్టు సరిగ్గా కూర్చోలేదే. నమిలితే కోసుకుపోతోంది. అల్లుడు సెలవు పెట్టి మరీ దగ్గరుండి కట్టించాడు. సరిపోలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నీతో అందామంటే, నువ్వు అడిగే తీరుకి సగం మాట లోపలే ఉండిపోతుంది."

మొదట్లో ఒరుసుకుంటే రుద్ది సరిచేస్తానని డాక్టరు చెప్పాడనీ, ఒరుసుకుంటోందేమోనని అత్తయ్యని అడగడం తనే మర్చిపోయాననీ భర్త నెమ్మదిగా అన్నాడు.

తన కోపం ఇంకా చల్లారలేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఎవరి మీద నిలవాలో తెలియక అది తిరుగుతోంది. తల్లి దాక్కున్నది అల్లుడి నుంచి కాదు. కూతురి నుంచి.

చేతులు కడుక్కుని వచ్చింది. "ఏదీ, చూడనీ," అంది, విసుగు పోని గొంతుతోనే.

తల్లి సెట్టు తీసి గుప్పిట్లో దాచుకుని నోరు తెరిచింది. కింది చిగుళ్ళ పొడవునా పుండ్లు. ఆమె తల్లి గడ్డం కింద చెయ్యి పెట్టి మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఆ పైన తన కళ్ళు మసకబారి ఏమీ కనిపించలేదు. అయినా చెయ్యి తియ్యలేదు.